మణీ, వచ్చేసింది

నెహ్రూ నగర్, భిలాయి
జూన్ 4, 2025

ప్రియమైన మణిమాల వదినకి,

నీ మరిది గోవిందరావు రెండు చెవులూ పట్టుకుని రాస్తున్న ఉత్తరం. ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తకపోవడం న్యాయమే. పోయిన అన్నయ్య గొంతుతో మొన్న దీపావళికి నీకు ఫోను చేసి "మణీ, వచ్చేసింది" అన్నాను చూడు, ఆ రోజే నా నాలుక మీద వాత పెట్టాల్సింది. నవ్వుతావనుకున్నాను. పదిమంది గొంతులు చెయ్యగలను గానీ ఒక్కరి మనసూ చదవలేను. "ఇకమీదట ఏదున్నా రాసి పంపమను, కాగితం మీద వాడు గొంతు మార్చలేడు" అని మీ చెల్లెలు గౌరీదేవి చేత కబురంపావు. తొమ్మిదో క్లాసు తప్పాక నేను ఇంత పొడుగు రాయడం ఇదే. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టకు, మా మాస్టారిని తిట్టు.

చెప్పిన పని చేశాను. నా మైకు సెట్ల గోడౌనులో పాత స్పీకర్ల వెనక పడున్న అన్నయ్య కంప్యూటర్ని తెచ్చి ముందుగదిలో పెట్టాను. మా ఆవిడ అరుణకుమారి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటిది? టీవీ ఎక్కడెట్టమంటావు, నా నెత్తి మీదా?"

"నెలకోసారే. వదిన పని."

వదిన అనగానే చీపురు కిందికి దిగింది. నీ పేరుకి ఈ ఇంట్లో ఇంకా అంత విలువుంది.

నాకర్థమైంది రాస్తాను, తప్పయితే దిద్దు. అన్నయ్య వాడిన ఆపరేటింగ్ సిస్టం ఎవడి సొత్తూ కాదు. దాని లోపలి రాత, సోర్స్ కోడ్ అంటారే, అది అడిగినవాడికల్లా ఊరికే ఇస్తారు. మూలప్రతి ఏదో దేశంలో పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. ఎక్కడెక్కడి జనమో దాన్ని రోజూ దిద్దుతుంటారు. మనం అప్‌డేట్ అని కొడితే మన దగ్గరున్న పాతదానికీ అక్కడి కొత్తదానికీ తేడా ఎంతో అంతే వచ్చి చేరుతుంది. ఊరెళ్ళి వచ్చినామెకి పక్కింటావిడ కబుర్లన్నీ అప్పజెప్పినట్టు.

అందులో అన్నయ్య రాసింది ఒక్కటే ఫైలు. ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు మోసే వ్యాగన్లు తూచే పాత కాటా ఉండేది. దాన్ని కంప్యూటరుకి కలిపే కార్డు మాట్లాడే భాష ఈ సిస్టానికి రాదు. మధ్యలో దుబాసీ పని చేసేది అన్నయ్య ఫైలు. కాటా తుక్కుకి పోయింది, రాసినవాడు బూడిదై పోయాడు, ఫైలు మిగిలింది. నెలనెలా తాజా సోర్స్ తెప్పించి అది ఇంకా ఉందో లేదో చూడమన్నావు. మాసికం పెట్టమన్నట్టే ఉంది. పెడతాను. తద్దినం ఎలాగూ నా చేతి మీదే కదా.

ఉంది వదినా. నువ్వు రాసి పంపిన చీటీ ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం వేలితో పొడిచాను. కంప్యూటరు కాసేపు ఆలోచించి, ఒక్క లైను కూడా పడకుండా ఊరుకుంది. కొత్తగా వచ్చిందేమీ లేదన్నమాట. దాన్ని దిద్దే దొరలు ఎండలకి సెలవు పెట్టినట్టున్నారు. ఫైలు తెరిచి చూస్తే, నరసింగరావు, భిలాయి అని పైనే ఉంది. తెర మీద ఆ పేరుని వేలితో తుడిచాను. దుమ్ము నా వేలికంటుకుంది, పేరు అక్కడే ఉంది.

గొంతు మార్చకుండా,
నీ మరిది గోవిందు


బొబ్బిలి
జూన్ 16

ప్రియమైన గోవిందుకి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే గౌరి నవ్వుతూ నవ్వుతూ పాలు పొంగబెట్టేసింది. నాకు నవ్వు రాలేదు.

ఒక్క లైను కూడా పడలేదన్నావు. అదెలా కుదురుతుంది? మీ అన్నయ్య షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుని అప్‌డేట్ కొడితే, వారం తేడాకే తెర నిండా లైన్లు జారేవి, రేకుల మీద వాన పడ్డట్టు. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఆ డబ్బాలో ఫ్యాను హోరు తగ్గగానే పని అయిందని నాకు తెలిసిపోయేది. అయినా ఆయన పిలిచి చెప్పేవారు, "మణీ, వచ్చేసింది" అని. ఏమొచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. పళ్ళెంలో అన్నం పెట్టేదాన్ని. ఫోనులో నువ్వు ఎంచుకున్న మాట ఎలాంటిదో ఇప్పుడైనా తెలుసుకో.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళ తేడాకి ఒక్క లైనూ రాలేదంటే నమ్మమంటావా? అసలు కంప్యూటరు గోడౌను దాటి వచ్చిందా? అరుణ చీపురు నిజమా, అదీ నీ కల్పనేనా?

ఆస్పత్రిలో ఆయన అన్న మాట నీకు చెప్పలేదు. "ఆ కార్డులు ఇంకెక్కడా మిగల్లేదు మణీ. ఎవరూ వాడనిది ఎవరూ ఉంచుకోరు. ఒకరోజు తీసేస్తారు. తీసెయ్యడమే పద్ధతి" అన్నారు. పద్ధతేనట. ఆయన చొక్కాలు ఇచ్చేశాను. సైకిలు ఇచ్చేశాను. సెక్టర్ రెండులో క్వార్టరు అప్పగించాను. ఆయన ఇంకా పనిలో ఉన్న చోటు అదొక్కటే, గోవిందూ.

ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. నాకు నీ వేళాకోళం వద్దు, నీ జాలి అసలే వద్దు.

మీ వదిన
మణిమాల


నెహ్రూ నగర్
జూలై 9

ప్రియమైన అనుమానాల వదినకి,

కవర్లో ఫోటో ఉంది, చూడు. కంప్యూటరు, పక్కన అన్నయ్య కుర్చీలో నేను, చేతిలో ఇవాళ్టి హిందీ పేపరు, తేదీ కనబడేలా. కిడ్నాపు చేసినవాళ్ళు ఇలాగే పంపుతారట. ఫోటో ప్రింటు తీసిన కుర్రాడు "భయ్యా, కిస్‌కో ఉఠాయా?" అని అడిగాడు. ఎవర్ని ఎత్తుకొచ్చావని. "మేరే బడే భాయీ కో" అన్నాను, మా అన్నయ్యనని. వాడు నవ్వాడు. వెనకాల చీపురుతో కనబడుతున్నది బందీ కాదు, ఇంటి యజమానురాలు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఒక్క లైనూ రాలేదు. మళ్ళీ ఫైలు ఉంది. అన్నయ్య సెక్షనులో పనిచేసే ఉమేష్‌ని బతిమాలి తీసుకొచ్చాను. అతను వైర్లన్నీ కదిపి, "నెట్ ఠీక్ హై చాచా, ఈ సిస్టమే నాకు రాదు" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

నన్ను భిలాయిలో ఎవరూ నమ్మరు. అది నేను చేజేతులా సంపాదించుకున్న ఆస్తి. పోయిన వారమే కుమ్హారిలో పెళ్ళికి మైకు పెట్టి, పెళ్ళికొడుకు తాతగారి గొంతుతో "మైకువాడికి ముందు వడ్డించండి" అని ప్రకటించి మొదటి పంక్తిలో తిన్నాను. తాతగారు మాత్రం రెండో పంక్తిలో తిన్నారు. కాదనను. కానీ అన్నయ్య విషయంలో దీపావళి తర్వాత నా నోట అబద్ధం రాలేదు. ఆ రోజు నువ్వు ఫోను పెట్టెయ్యలేదు. కింద పడేశావు. పడ్డ చప్పుడు, ఆ వెనక నీ ఏడుపు నేను విన్నాను వదినా. విన్నవాణ్ణి మళ్ళీ ఆడతానా?

అందుకని తిన్నగా దొరలకే రాశాను. మెయిలింగ్ లిస్టని ఒకటుంది. దానికి ఒక్క ఉత్తరం రాస్తే అందరికీ పోతుంది, మన మైకు లాగే. "కైండ్ అటెన్షన్ ప్లీజ్" అని మొదలెట్టాను, నాకు వచ్చిన ఇంగ్లీషు రైల్వే స్టేషనుదే కదా. నేను నరసింగరావు తమ్ముణ్ణి, ఆయన పోయారు, ఆయన ఫైలు క్షేమమేనా, మా ఇంటికి కొత్త లైన్లు ఎందుకు రావడం లేదు అని అడిగాను.

జవాబు రాగానే రాస్తాను. వచ్చినది వచ్చినట్టు రాస్తాను.

నీ మరిది
గోవిందు


బొబ్బిలి
ఆగస్టు 21

గోవిందూ,

నెల దాటిపోయింది. జవాబు రాలేదా, వచ్చిందా? వాగేవాడు వాగకపోతే భయం వేస్తుంది.

ఫోటో దేవుడి దగ్గర పెట్టలేదు, నా పెట్టెలో పెట్టుకున్నాను. చిక్కిపోయావు. ఆ కుర్చీకి ఎడమవైపు చెయ్యి ఊగుతుంది, దాని మీద బరువు వెయ్యకు. ఆయన వెయ్యరు.

మణిమాల


నెహ్రూ నగర్
సెప్టెంబర్ 2

వదినకి,

ముందు నన్ను తిట్టేసుకో, తరవాత చదువు.

ఫైలు లేదు. మూలప్రతిలోంచి తీసేసి ఏడాది దాటిపోయింది. జవాబు వచ్చి కూడా చాలా రోజులైంది. రాయడానికి చెయ్యి ఆడలేదు.

పద్ధతి ప్రకారమే తీశారు. తీసేముందు లిస్టులో అందరినీ అడిగారట, ఈ కార్డు ఎవరి దగ్గరైనా ఉందా, దీన్ని పరీక్షించి చూసేవాళ్ళున్నారా అని. ఎవరూ పలకలేదు. అన్నయ్యకి విడిగా కూడా రాశారట. ఆ మెయిలు నాకు పంపారు. ఒకటే లైను. "నరసింగ్, ఆర్ యూ స్టిల్ దేర్?"

ఉన్నావా అని అడిగారు వదినా. పోయినవాణ్ణి. దినం కార్డులు సెక్టరంతా పంచాం, విజయనగరం పంపాం, రాయపూర్ పంపాం. అన్నయ్య రోజూ సాయంత్రం ఎవరితో కూర్చునేవాడో వాళ్ళకి మాత్రం ఎవరమూ చెప్పలేదు. వాళ్ళు కొన్నాళ్ళు ఆగి చూశారట. జవాబు లేక తీసేశారు. ఇప్పుడు తెలిసి ఆ మనిషి చాలా బాధపడ్డాడు. ఆయన్ని మేం ఎన్నడూ చూడలేదు, చాలా ఓపికైన మనిషి అని మాత్రం తెలుసు అని రాశాడు.

మరి మన కంప్యూటర్లో ఎలా ఉందంటావా? అది నా నిర్వాకం. ఈ సిస్టంలో ఒక కిటుకుంది. ఫలానా తేదీన సోర్స్ ఎలా ఉండేదో అలాగే ఇమ్మని అడగొచ్చు. అలా అడిగితే ఆ తేదీ దగ్గర ముడి పడిపోతుంది. ఆ తరవాత ఎన్నిసార్లు అప్‌డేట్ కొట్టినా ఆ రోజు దాటి ముందుకి కదలదు. కొత్తది రాదు, పాతది పోదు. ఆ ముడి నేనే వేశాను. మార్చి పదకొండు, అన్నయ్యని మైకుల బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళిన ముందురోజు తేదీ. ఊరికే నిన్ను ఆటపట్టించాలని మొదలెట్టాను, ఆ తరవాత ఎలా ఒప్పుకోవాలో తెలియలేదు.

పోయిన ఉత్తరంలో అబద్ధమాడలేదని రాశాను కదా, అదీ అబద్ధమే. నువ్వు నన్ను నమ్మకపోవడమే సరి. ఇక రాయను.

గోవిందరావు


బొబ్బిలి
సెప్టెంబర్ 13

ప్రియమైన గోవిందుకి,

నువ్వు అబద్ధమాడితే అందులో ఎక్కడో ఒకచోట నవ్వు ఉంటుంది. ఈ ఉత్తరంలో ఒక్కటీ లేదు. అందుకే మొదట నమ్మేశాను. ఒక పూటంతా నీతో మనసులో మాట్లాడడం మానేశాను. మధ్యాహ్నం మళ్ళీ చదివితే తేదీ దగ్గర ఆగిపోయాను.

మార్చి పదకొండు. నేను వేసిన ముడి నేను గుర్తుపట్టనా?

క్వార్టరు అప్పగించే ముందురోజు సామానంతా కట్టేశాం. ఆ గదిలో కంప్యూటరు ఒక్కటే మిగిలింది. ఆయన ఆఖరిసారి దాని ముందు కూర్చున్న సాయంత్రం అదంతా ఎలా ఉందో ఒక్కసారి చూడాలనిపించింది. ఎక్కడైనా తప్పు దొర్లితే ఏ రోజున దొర్లిందో పట్టుకోవడానికి ఆయన అలాగే తేదీ ఇచ్చి వెనక్కి వెళ్ళేవారు. పళ్ళెం పట్టుకుని వెనక నిలబడి ఎన్నిసార్లు చూశానో. నేనూ తేదీ కొట్టాను. వచ్చింది. చూశాను. నాకేం అర్థమవుతుంది? అయినా చూశాను.

పని అయ్యాక ఆయన మళ్ళీ అప్‌డేట్ కొట్టి, చివర ఒక గీత, ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరం పెట్టేవారు. "ముడి విప్పకపోతే అక్కడే ఉండిపోతాం మణీ" అనేవారు. ఆ ఒక్క అక్షరం నాకు తెలుసు. ఆ రోజు చెయ్యి రాలేదు. కంప్యూటరు ఆపేశాను, నువ్వొచ్చి బండిలోకి ఎక్కించావు. నీకు చీటీ రాసి పంపినప్పుడు ఆ సంగతి మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకుంటున్నాను.

లైన్లు పడకపోవడం నా వల్ల. అబద్ధాలకోరన్నది నిన్ను. ఆ దొర జవాబులో తేదీ ముడి సంగతి చెప్పి ఉంటాడు, ఆ తేదీ చూడగానే ముడి ఎవరు వేశారో నీకు తెలిసిపోయి ఉంటుంది. తెలిసి నీ నెత్తిన వేసుకున్నావు. ఉన్న చెడ్డపేరు చాలదా నీకు? మీ అన్నయ్య ఉంటే నిన్ను ముందు ఒకటి కొట్టి, తరవాత పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినేవారు.

ఉన్నావా అని వాళ్ళు అడిగిన మాటకి జవాబివ్వాల్సింది నేను. ఆయన మెయిలు పెట్టె తెరిచే ధైర్యం నాకు లేకపోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో నువ్విచ్చావు. మంచి పని చేశావు.

ఇప్పుడు ముడి విప్పు గోవిందూ. చీటీలో ఉన్నదానికి చివర గీత, పెద్ద ఏ. పేరు పోతుంది, తెలుసు. అయితే తీసేసినవాటిని వాళ్ళు పారెయ్యరు. మూలప్రతి పక్కనే ఒక అర ఉంటుంది, దాన్ని అటక అంటారు. మన క్వార్టర్లో ట్రంకు పెట్టెలు పెట్టుకునే అటక లాంటిదేనని ఆయన చెప్పేవారు. వాడకంలో ఉండవు. పాత తేదీ చెప్పి ఎవరైనా అడిగితే దించి ఇస్తారు.

అది చాలు నాకు. చాలదు. కానీ చాలనుకుంటాను.

ఆశీస్సులతో,
మీ వదిన మణిమాల


నెహ్రూ నగర్
సెప్టెంబర్ 28

ప్రియమైన వదినకి,

విప్పాను.

ముందు కుర్చీ ఎడమ చేతికి మేకు కొట్టాను. ఆ తరవాత ఆలోచించి మేకు పీకేశాను. దాన్ని ఊగనీ.

దసరా పందిళ్ళకి మైకులన్నీ వెళ్ళిపోయాయి, ఇంట్లో చప్పుడు లేదు. నీ చీటీ చివర గీత, పెద్ద ఏ చేర్చి ఎంటర్ కొట్టాను. కాసేపు ఏమీ లేదు. దొరలు మళ్ళీ సెలవేమో అనుకున్నాను. అలా అనుకోవాలనే ఉంది నాకు. అప్పుడు మొదలైంది.

వాన అని రాశావు. నేను నమ్మలేదు, మా వదిన మొగుడి పనిని ఎక్కువ చేసి చెబుతోందనుకున్నాను. వానే. ఇన్నేళ్ళూ పడకుండా ఆగిందంతా ఒక్కసారి పడింది. అరుణ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది.

"ఇన్ని మారిపోనాయేటి? మనమేటీ సూడకుండానే?"

తల ఊపాను.

ఆ వాన మధ్యలో ఒక్క లైను. అన్నయ్య ఫైలు పేరు, పక్కన ఇంగ్లీషులో, ఇది ఇక మూలప్రతిలో లేదు అని. చూసేలోపే పైకి పోయింది. నేను చెయ్యి చాపాను వదినా, పట్టుకునేవాడిలా. దాని వెనక ఇంకో లైను, ఇంకో లైను, దేనికీ ఆగలేదు. ప్లాంటులో మనిషి పోయినా మర్నాడు షిఫ్టు సైరను మోగినట్టే.

అంతా అయ్యాక ఆ ఫైలుండే చోట చూశాను. పక్కవాళ్ళందరూ ఉన్నారు. మధ్యలో ఖాళీ కూడా లేదు. ఖాళీ ఉంటుందనుకున్నాను నేను, తొమ్మిదో క్లాసు బుర్ర కదా.

"పోయిందేటి?" అంది అరుణ.

"అటకెక్కింది."

ఆవిడ చీపురు తియ్యలేదు, టీవీ మాటెత్తలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ కొట్టడానికి కాక చెయ్యి వెయ్యడం నాకు గుర్తు లేదు.

ఇంకోటి చెప్పాలి, దీనికే ఈ ఉత్తరం. లైన్లు ఆగాక ఫ్యాను హోరు తగ్గింది. నువ్వు రాసిన చప్పుడదే. అది తగ్గగానే నా గొంతులోకి అన్నయ్య వచ్చేశాడు. నేను చెయ్యక్కర్లేదు, దానంతటదే వచ్చింది. రెండే మాటలు. నోరు తెరిస్తే చాలు, ఆ గదిలో ఆయనే పలికేవాడు. నాకూ వినాలనే ఉంది వదినా. ఒక్కసారి. నీకు ఫోను చేసిన రోజు కూడా అంతే. నిన్ను నవ్వించడానికన్నాను గానీ, ఆ గొంతు వినడానికి నాకు ఇంకో దారి లేదు.

నోరు మూసుకునే ఉన్నాను. కంప్యూటరు ఆపేసి లేచాను.

వచ్చే నెల మళ్ళీ అప్‌డేట్ కొడతాను. ఏం చూడ్డానికో తెలియదు. ఇన్నాళ్ళ వాన మళ్ళీ ఒక్కసారి నెత్తిన పడకుండా, ఎప్పటిదప్పుడు పడనిద్దామని.

ఆ గొంతు పారెయ్యలేదు వదినా. అటక మీద పెట్టాను. నాకై నేను దించను. ఎప్పుడైనా నీకే వినాలనిపిస్తే, తేదీ చెప్పి అడుగు.

నీ మరిది,
ఇవాళ్టికి గొంతు లేని
గోవిందు